పండ్లరసములో నానవేసిన పందిమాంసము: నిప్పులపై కాల్చు విధము

తోటలో కాచిన కాయ యంతయు బజారులో నొక్క ధరకు పోవునది కాదు. గాలివానకు రాలిన మామిడికాయ, తెగులుచే తోలుపై వలయములు పడిన బొప్పాయి, బరువు చాలని అనాస, బస్తాలో నొరసికొని చర్మము గీచుకొనిపోయిన బత్తాయి, ఇవన్నియు అడ్తి దుకాణము ముందు వేరుగ కుప్పపడును. మంచి సరకునకు పాట పాడిన వ్యాపారి యీ కుప్పవైపు చూడనైన చూడడు. చూచినను, కూలికిని కిరాయికిని సరిపోవు ధర చెప్పడు. రైతు దానిని మరల బండికెత్తుకొని పోలేక, పారవేయుటకు మనసొప్పక, ఎవరేమిచ్చిన నది పుచ్చుకొని యింటిదారి పట్టును. ఇట్టి సరకులో కొంత భాగమునకు రైతు యింటనే, పదిమంది కూడి భుజించు దినమున, మంచి వినియోగ మొకటి కలదు. పంది నడుము మాంసమును పండ్లరసములో నానవేసి నిప్పులపై కాల్చు పాకమును గూర్చి మేము చెప్పదలచినాము. దీని మర్మము తెలియక చేయువారు మాంసమును ముద్దగ చేసికొందురు; లేదా పైన మాడ్చి లోపల పచ్చిగ విడిచెదరు. ఈ రెండవ తప్పు నాలుకకే గాక ప్రాణమునకును సంబంధించినది గనుక కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

హైదరాబాదునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగరునకును ఎల్‌బీ నగరునకును నడుమ, కొత్తపేటలో నుండిన గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టును మన సభ్యులలో ఎరుగనివా రరుదు. అంతకు ముందు మొజంజాహీ మార్కెట్టు ప్రాంతమున జరిగిన పండ్ల వ్యాపారము 1986 లో అచ్చటికి మారెను. సుమారు 22 ఎకరముల స్థలములో ఇంచుమించు మూడు పుష్కరముల కాలము తెలంగాణపు బత్తాయి, రాయలసీమ మామిడి, పరరాష్ట్రముల ఆపిలు, అనాస అచ్చటనే దిగినవి. వేసవి వచ్చినచో తెల్లవారు జామున జాతీయ రహదారిపై మామిడి లారీల వరుస ఎల్‌బీ నగర్ కూడలి దాక నిలిచియుండెడిది. 2021 లో మార్కెట్టును విజయవాడ దారిలో హయత్‌నగరు దాటిన పిదప నున్న బాటసింగారమునకు తరలించిరి. కొత్తపేట స్థలములో పెద్దాసుపత్రికి 2022 ఏప్రిలు నెలలో శంకుస్థాపన జరిగినది. నల్లగొండ బత్తాయి రైతునకు దీనివలన దారి కొంత తగ్గినది. నగరములోని చిల్లర వర్తకునకు హెచ్చినది. స్థలము మారినను, ఏరివేసిన కాయల కుప్ప మాత్రము మారలేదు. బాటసింగారములోను అది యున్నది.

ఇక మాంసము మాట. పందిమాంసము తినని సభ్యులు మనలో పెక్కుమంది కలరు. మతాచారము చేత కొందరు, కులాచారము చేత కొందరు, అలవాటు లేక కొందరు మానుకొందురు. వారి నియమమును మేము గౌరవింతుము. వారిని ప్రేరేపించుట మా యుద్దేశము గాదు. వారు ఈ వ్యాసములోని పండ్ల సంగతిని మేకమాంసమునకు, కోడిమాంసమునకు అన్వయించుకొనవచ్చును. తినువారి సంఖ్యయు స్వల్పము గాదు. తరతరములుగ పందులను పెంచుచున్న ఎరుకలవారును, క్రైస్తవ కుటుంబములు కొన్నియు, సికింద్రాబాదు కంటోన్మెంటు ప్రాంతపు ఆంగ్లో ఇండియనులును, పనికై ఈశాన్య రాష్ట్రములనుండి వచ్చి నగరమున నిలిచిన యువకులును దీనిని ప్రీతితో భుజింతురు. బి1 విటమిను విషయమున పందిమాంసము తక్కిన మాంసములకంటె మిన్న యని పోషకాహార శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

పండును మాంసమును కలుపుట నేటి నాగరకుల వింత గాదు. హైదరాబాదు వంటవాండ్రు పచ్చి బొప్పాయిని తోలుతో నూరి పట్టించనిదే పత్తర్ కా గోష్తును రాతిపై నెక్కింపరు. సీకు కబాబులకును అదే సాధనము. మన పొరుగున కొడగు సీమలో పంది కూరకు కాచంపులి యను నల్లని పులుసు వేయుదురు. అది అక్కడి కొండలలో కాచు నొక పుల్లని పండ్ల రసమును చిక్కబడువరకు కాచి చేసినది. గోవాలో పోర్చుగీసువారి సంపర్కము వలన పందిమాంసమును వినిగరు, వెల్లుల్లిలో ఊరవేయు నలవాటు వచ్చినది. ఇంగ్లీషువారు కాల్చిన పందిమాంసమునకు ఉడికించిన ఆపిలు ముద్దను నంజుకొందురు. ఈ దేశముల వారెవరును ఒకరినొకరు చూచి నేర్చినవారు కారు. కొవ్వుగల మాంసమునకు పులుపును తీపియు తోడు కావలయునని నాలుక యెక్కడికక్కడ తానే తెలిసికొన్నది. మన బొప్పాయి, అనాస మాత్రము స్వదేశ వృక్షములు గావు. రెండును అమెరికా ఖండమునకు చెందినవి. 1493 లో కొలంబసు రెండవ యాత్రలో గ్వాడెలూపు దీవియందు అనాసను చూచెనని చరిత్ర చెప్పును. అటు పిమ్మట పోర్చుగీసు నావికులు ఈ ఫలములను మన తీరములకు చేర్చిరి. నేడు సీతంపేట ఏజెన్సీలో గిరిజనులు పండించు అనాసకు మూలమక్కడనే యున్నది.

పండు మాంసము నెట్లు మెత్తబరచునో తెలిసికొన్నచో కొలతలు వాటంతట అవియే మనసున నిలుచును. మాంసమనగా నారల కట్ట. ఆ నారలను కట్టియుంచు తెల్లని పొర యొకటి. రెండును మాంసకృత్తులతో నేర్పడినవే. పచ్చి బొప్పాయి పాలలో పపెయిన్ అను పదార్థమును, అనాసలో బ్రొమిలెయిన్ అనునదియు, అంజూరపు పాలలో ఫైసిన్ అనునదియు కలవు. ఇవి మాంసకృత్తులను ముక్కలుగ తుంచు కత్తెరల వంటివి. అల్లములోను ఇట్టిది కొంచెముండుట చేతనే మన పెద్దలు మాంసమునకు అల్లమును తప్పక పట్టించిరి. ఈ కత్తెర చల్లని చోట మెల్లగను, వేడిలో చురుకుగను పనిచేయును. పపెయిన్ 60, 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో మిక్కిలి ఉధృతముగ నుండును. అనగా నానబెట్టిన కాలములో గంటలు పట్టిన పని, మాంసము నిప్పులపై వేడెక్కుచున్న కొన్ని నిమిషములలో జరుగుననుట. ఆపైన వేడి హెచ్చినచో అదియే నశించును. అనాసలోని సత్తువ పపెయిన్ కంటె తక్కువ వేడికే చచ్చును. కాబట్టి డబ్బాలలో మరిగించి మూసిన అనాస ముక్కలు రుచికే గాని మెత్తదనమునకు పనికిరావు. తాజా పండు కావలయును.

ఇందొక మెలిక కలదు. ఈ రసములు మాంసములోనికి లోతుగ చొరవు. పై పొరను, దానికి దిగువ మిక్కిలి పలుచగ కొంత భాగమును మాత్రము తాకును. కావున ఎక్కువ సేపు నానవేసినచో లోన మెత్తబడునని తలచుట పొరపాటు. లోన ఎప్పటివలెనే యుండి, పైభాగము మాత్రము పిండివలె జావయగును. దానిని పంటితో నమలునపుడు రుచి చెడి తడి దూదిని నమలినట్లుండును. పెండ్లి విందులలో బొప్పాయి ఎక్కువై ముక్క సీకుకు నిలువక నిప్పులలో రాలుట మనమందరము చూచినదే.

మామిడి, బత్తాయి, నిమ్మ, చింత యను వానిలో ఈ కత్తెర గుణము చెప్పుకొనదగినంత లేదు. వానిలోనిది పులుపు. పులుపు మాంసపు పొరను ఉబ్బించి కొంత సడలించును, రుచిని విప్పును. బత్తాయిలో పులుపు సౌమ్యము గనుక దానిలో రాత్రియంతయు నుంచినను బాధ లేదు. నిమ్మరసమునే అధికముగ పోసినచో మాంసపు పైభాగము ఉడికినట్లు తెల్లబారి బిరుసెక్కును. పండిన మామిడి గుజ్జులోని గొప్ప గుణము తీపి; అది నానబెట్టుటకు గాక చివర పూయుటకు తగినది. కారణము ముందు చెప్పెదము.

పచ్చి బొప్పాయి విషయమున రైతునకొక చిన్న కబురు. పండునకై పెంచిన చెట్టునుండి గాలికి రాలిన కాయయు, వికారముగ పెరిగిన కాయయు ఈ పనికి మంచి కాయతో సమానమే. పాలు కలిగియున్న చాలును. పండిన బొప్పాయిలో పాలు ఇంకిపోవును గాన అది ఈ పనికి చాలదు. ఆ పాలను కాయపై గీతలు గీచి తీసి, ఎండబెట్టి అమ్ము వ్యాపారమును తమిళనాటి రైతులు చేయుచున్నారు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలువరించిన సి.ఓ.-2, సి.ఓ.-5 రకములు ఇందుకు ప్రసిద్ధి కెక్కినవి. పాలు చేతుల చర్మమును మండించును గనుక నూరువారు తొడుగు వేసికొనుట మంచిది.

ఇక పందిని గూర్చి. ఈ భాగమును త్వరపడి దాటవలదని చదువరులను కోరుచున్నాము. ఊరి వెంట తిరిగి దొరికినది తిను పందికిని, దొడ్డిలో మేత వేసి పెంచిన పందికిని మాంసములో భేదము కొండంత. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయమువారు యార్క్‌షైరు జాతిని దేశవాళీ పందితో కలిపి టి-17 అను సంకరమును సిద్ధపరచిరి. ఇట్టి సంకరపు పిల్లలను దాణాతో పెంచి, లేత వయసుననే కోసినచో మాంసము లేతగను నడుము వెడల్పుగను వచ్చును. చాప్సునకు వెడల్పే ప్రధానము. ముదిరిన పంది మాంసమును ఏ పండును నిప్పులపై లేతగ చేయజాలదు. దానిని కూరగ వండుకొనుటయే యుక్తము.

రెండవ సంగతి బద్దెపురుగు. దీని చక్రమును మన గ్రామములలో సగము మాత్రమే తెలిసికొనియున్నారు. ఈ పురుగు మనుష్యుని ప్రేగులలో నుండి, దాని గ్రుడ్లు మలముతో బయట పడును. బహిరంగ మలమును తిన్న పంది కండలలో ఆ గ్రుడ్లు బియ్యపు గింజల వంటి తెల్లని పొక్కులుగ మారును. అట్టి మాంసమును సరిగ ఉడుకక తిన్న మనుష్యుని ప్రేగులలో మరల బద్దెపురుగు పెరుగును. ఇంతవరకు పలువురెరుగుదురు. ఎరుగనిది మిగిలిన సగము. పురుగున్న మనుష్యుని మలమునుండి గ్రుడ్లు మురికి నీటి ద్వారా, కడుగని చేతుల ద్వారా, ఆకుకూరల ద్వారా మరియొకని నోటబడినచో, ఆ పొక్కులు పందిలో గాక ఆ మనుష్యుని మెదడులోనే ఏర్పడి మూర్ఛరోగమును కలిగించును. ఈ రోగము పందిమాంసమును ముట్టని శాకాహారికిని వచ్చును. కాబట్టి మరుగుదొడ్డి వాడుకయు, పందిని దొడ్డిలో కట్టివేసి పెంచుటయు ఊరందరి క్షేమమునకు సంబంధించిన పనులు. పంది తినువారి పని యని తక్కినవారు ఉపేక్షింపరాదు. కోసిన మాంసములో తెల్లని గింజలు కనబడినచో బేరమాడి చవుకగ తెచ్చుట గాక, పూర్తిగ విడిచిపెట్టవలయును.

ఎల్‌బీ నగరునకు ఉత్తరముగ, బోడుప్పలు సమీపమున చెంగిచెర్లలో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి చెందిన మాంస పరిశోధన సంస్థ కలదు. 1999 లో నెలకొల్పబడినది. మాంసమును శుభ్రముగ కోయుట, నిలువచేయుట, దానితో పదార్థములు తయారు చేయుట యను విషయములలో శిక్షణ నిచ్చు సంస్థ మన యింటి చెంతనే యుండగా, పందుల పెంపకము తలపెట్టిన సభ్యులు దానిని సంప్రదింపక పోవుట వింతగ నున్నది.

చాప్సు అనగా పంది వీపున వెన్నెముక కిరుప్రక్కల నుండు నడుము మాంసమును పక్కటెముకతో కలిపి అడ్డముగ కోసిన ముక్కలు. కోయువానితో అంగుళము మందమునకు తగ్గకుండ కోయుమని గట్టిగ చెప్పవలయును. నగరములో పలుచగ కోసి యిచ్చుట వాడుక. పలుచని ముక్క పైన ఎర్రబడులోపల లోన ఎండిపోవును. అంచున నున్న కొవ్వును అర అంగుళము కంటె తక్కువ మిగుల్చుకొని తక్కినది తీసివేసి, ఆ అంచును రెండు మూడు చోట్ల గాటు పెట్టవలయును. గాటు లేనిచో నిప్పుసెగకు కొవ్వు ముడుచుకొని ముక్క దొప్పవలె వంగును. వంగిన ముక్క సమముగ కాలదు.

ఒక కిలో చాప్సునకు మేము చెప్పు కొలత యిది. తోలుతో నూరిన పచ్చి బొప్పాయి ముద్ద ఒక పెద్ద చెంచా, అనగా సుమారు 20 గ్రాములు; ఉప్పు 12 మొదలు 15 గ్రాములు; అల్లము వెల్లుల్లి ముద్ద రెండు పెద్ద చెంచాలు; మిరియాల పొడి, కారము ఒక్కొక్క చిన్న చెంచా; ధనియాల పొడి రెండు చిన్న చెంచాలు; పసుపు కొంచెము; నూనె రెండు చెంచాలు. అన్నిటిని కలిపి ముక్కల కిరువైపుల పట్టించి, మూత పెట్టి చల్లని పెట్టెలో రెండు గంటలుంచవలయును. అంతకు మించరాదు. బొప్పాయికి మారుగ అనాస వేయువారు తాజా రసము నాలుగు పెద్ద చెంచాలు వేసి ఒక గంటకే తీయవలయును. పని తొందర లేక రాత్రియే కలిపి పెట్టుకొనదలచినవారికి బత్తాయియే శరణ్యము: మూడు కాయల రసము, ఒక చెంచా నిమ్మరసము, పైన చెప్పిన తక్కిన సంబారములు. గింజ చితికినచో చేదెక్కును గాన రసమును వడగట్టవలయును. మా యభిప్రాయమున లేత పంది చాప్సునకు బత్తాయి విధమే శ్రేష్ఠము. మాంసపు నార చెడక, రుచి లోన నిలుచును. కొంచెము ముదురు మాంసమైనపుడే బొప్పాయి నాశ్రయింపవలెను. ఏ విధమునందైనను పచ్చి మాంసమును వంటయింటి గట్టుమీద గంటల తరబడి ఉంచుట మన ఎండలకు ప్రమాదకరము.

నిప్పు సంగతి. మన పల్లెలలో సర్కారుతుమ్మ బొగ్గుకు లోటు లేదు. ఇటుకలు పేర్చి మీద ఇనుప జాలి పరచినను చాలును. బొగ్గులను ముట్టించి, మంట పూర్తిగ అణగి పైన బూడిద తెల్లగ పట్టువరకు ఆగుట ముఖ్యము. పిమ్మట బొగ్గులన్నిటిని ఒక ప్రక్కకే కుప్పవేసి రెండవ ప్రక్కను ఖాళీగ నుంచవలయును. ఇట్లు చేసినచో ఒకే జాలిపై ఘాటైన సెగయు మెత్తని సెగయు రెండును చేతిక్రిందనే యుండును. మొదట ముక్కలకు అంటుకొనియున్న ముద్దను చేతితో తుడిచివేసి, ఘాటు సెగపై ఒక్కొక్క వైపు రెండు నిమిషములు కాల్చి ఎర్రని రంగు రప్పింపవలయును. తరువాత వానిని ఖాళీ ప్రక్కకు జరిపి, పైన నొక గిన్నె బోర్లించి, మెల్లగ లోపల ఉడుకనీయవలయును. అంగుళపు ముక్కకు మొత్తము పది, పదునైదు నిమిషములు పట్టును. కొవ్వు కరగి నిప్పులపై పడి మంట లేచినపుడు నీళ్లు చల్లుట వాడుకయే గాని, బూడిద రేగి మాంసమున కంటును. ముక్కను ప్రక్కకు తీసి మంటను చావనిచ్చుట మేలు. ఆ మంటలో కమిలి మసిపట్టిన మాంసము ఆరోగ్యమునకు చేటని వైద్యులును చెప్పుచున్నారు.

ఉడికినదా లేదా యని తెలిసికొనుటకు రంగును నమ్మరాదు. పండ్ల పులుపు, పొగ యనునవి పూర్తిగ ఉడికిన మాంసమును కూడ గులాబి రంగున నుంచవచ్చును. ఉడుకని మాంసమును తెల్లగ చూపవచ్చును. ఎముకకు తగులకుండ ముక్క నడుమ గ్రుచ్చు ఉష్ణమాపకము ఒక్కటియే సాక్ష్యము. 2011 లో అమెరికా వ్యవసాయ శాఖవారు పంది చాప్సునకు 63 డిగ్రీల సెంటిగ్రేడు వేడియు, దించిన పిదప మూడు నిమిషముల విరామమును చాలునని నిర్ణయించిరి. అది దొడ్డిలో పెరిగి వైద్యుని తనిఖీ పొందిన పందులున్న దేశపు లెక్క. మన బజారులో పంది యెక్కడ మేసినదో అమ్మువాడే ఎరుగడు. కాన ఆ దేశమువారి పాత లెక్కయైన 71 డిగ్రీలను మనము విడువరాదని మా గట్టి సలహా. రెండు బొట్ల రసము తగ్గినను మనుష్యుని మెదడుకంటె ఎక్కువ గాదు. ఇట్టి ఉష్ణమాపకము నొక్కొక్క యింట కొనలేకున్నచో సంఘ కార్యాలయమున ఒకటి యుంచి, పండుగలకు, విందులకు సభ్యులకు వాడుక కియ్యవచ్చును.

ఇప్పుడు మామిడి పూత. పండిన మామిడి గుజ్జు ఒక గిన్నెడు, బెల్లము రెండు పెద్ద చెంచాలు, కారము చిన్న చెంచా, చిటికెడుప్పు, ఒక నిమ్మకాయ రసము కలిపి చిక్కబడువరకు కాచి ఉంచుకొనవలయును. బంగినపల్లి గుజ్జు నార లేనిది గనుక సులభముగ పట్టును. రసముల జాతియైనచో వడగట్టవలెను. మెత్తబడి బజారున చెల్లని పండునకు ఇంతకంటె తగిన గతి లేదు. ఈ పూతను మాంసము ఉడుకుట పూర్తియగు సమయమున, చివరి మూడు నాలుగు నిమిషములలో మాత్రమే కుంచెతో పూయవలయును. ఆదిలోనే పూసినచో తీపి మాడి నల్లనై చేదెక్కును. మాంసము మాత్రము పచ్చిగనే యుండును. పైనలుపు చూచి ఉడికినదని దించువారు మోసపోవునది ఇచ్చటనే. పచ్చి మాంసము నానిన రసమును పూతలో కలుపుట, పచ్చి మాంసమున కద్దిన కుంచెను మరల ఉడికినదానికి వాడుట కూడదు. నానిన రసమును పారబోయుటయే క్షేమము.

తోడుగ పండ్ల ముక్కలను కూడ కాల్చవచ్చును. అనాస చక్రములు, గట్టిగ నుండు దోరమామిడి చెంపలు, దోరబొప్పాయి బద్దలు, సగము పండిన జామకాయ చీలికలు నూనె పూసి ఘాటు సెగపై ఒక్కొక్క వైపు రెండు నిమిషములుంచినచో జాలి గీతలు పడి, తీపి చిక్కబడి, పొగ వాసనతో మాంసమునకు జోడుగ నుండును. మిక్కిలి పండినవి జాలిలోనుండి జారిపోవును. కాల్చిన అనాసలో మాంసమును మెత్తబరచు గుణము నశించును గాన పళ్లెమున మాంసము ప్రక్కన ఎంతసేపున్నను బాధ లేదు. పచ్చి అనాసను వేడి మాంసముపై పరచి ఉంచరాదు. కార్బైడుతో మ్రగ్గబెట్టిన పండ్లు ఈ పనికే గాదు, ఏ పనికిని తగవు. దానిని మన దేశమున నిషేధించియున్నారు. 2015 లో హైదరాబాదు హైకోర్టు తనంత తానుగ ఆ విషయమును విచారణకు చేపట్టెను.

ఏరివేసిన పండ్లలో మనుష్యునకు పనికిరానివి, తొక్కలు, పీచు పందికి మేత యగును. అయితే ఒక హెచ్చరిక. 2020 లో అస్సాము, అరుణాచల్ ప్రదేశములలో మొదట కనబడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవరు పందులను మందలుగ చంపుచున్నది. అది మనుష్యునకు అంటదు గాని, పెంపకదారుని ఇల్లు ఆర్పును. హోటళ్ల మిగులు కూడులోని పందిమాంసపు తునకల ద్వారా అది దొడ్డినుండి దొడ్డికి ప్రాకును. కావున తోట పండ్లు, తొక్కలు నేరుగ వేయవచ్చును గాని, హోటలు కూడును తెర్లు కాగునట్లు మరిగింపనిదే తొట్టిలో పోయరాదు. 2019 పశుగణనలో దేశమున పందుల సంఖ్య 90 లక్షల 60 వేలుగ తేలినది. 2012 లెక్కకు నూటికి 12 వంతులు తగ్గినది. ఆ తగ్గుదల ఈ రోగము రాకమునుపటిది.

కాల్చిన ముక్కలను దించిన తోడనే కోయక, ఆకు కప్పి ఐదు నిమిషములుంచినచో రసము లోనికి సర్దుకొనును. జొన్నరొట్టె, పచ్చి ఉల్లిపాయ, నిమ్మచెక్క, కాల్చిన అనాస దీనికి తగిన జోడు. మిగిలినదానిని రెండు గంటలలోపల చల్లని పెట్టెలో చేర్చి, మరునాడు ఆవిరి పొగలు గ్రక్కునట్లు వేడిచేసి వడ్డింపవలయును.